మాంసపు ఉష్ణమాపకం

మాంసపు ఉష్ణమాపకం అనేది మాంసం ఉడుకుతున్నప్పుడు, లేదా నిప్పుపై కాలుతున్నప్పుడు, దాని లోపలి భాగం ఎంత వేడెక్కిందో కొలిచే వంటింటి పరికరం. వాడుకలో దీనిని మీట్ థర్మామీటరు అని అంటారు. సూది వంటి సన్నని లోహపు కడ్డీ, ఆ కడ్డీ పసిగట్టిన ఉష్ణోగ్రతను చూపే ముఖం దీని ప్రధాన భాగాలు. కోడి, బాతు, సీమకోడి వంటి పక్షులను ముక్కలు చేయకుండా కాల్చేటప్పుడు దీని అవసరం ఎక్కువగా ఉంటుంది. పైచర్మం ఎర్రగా కాలినంత మాత్రాన లోపలి మాంసం ఉడికినట్లు కాదు. లోపలి సంగతి కంటికి కనిపించదు, చేతికి తెలియదు. ఈ పరికరం తెలిపేది ఆ సంగతినే.

పులుసుకు, కాల్పుకు గల భేదం

తెలుగువారి ఇళ్లలో కోడిమాంసాన్ని అనాదిగా ముక్కలు చేసి పులుసుగానో, వేపుడుగానో వండుకుంటున్నారు. రాయలసీమలో రాగిసంగటి, నాటుకోడి పులుసు జోడీ ప్రసిద్ధమైనది. శ్రీ సత్యసాయి జిల్లాలోని గోరంట్ల, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలలో జాతరలకు, చుట్టాల రాకకు ఈ వంట తప్పనిసరి. పులుసు వండేవారికి ఉష్ణమాపకం లేని లోటు ఎన్నడూ తెలియలేదు. దీనికి శాస్త్రీయమైన కారణం ఉన్నది. చిన్న ముక్క చుట్టూ మరిగే పులుసు ఉంటుంది. మరిగే నీటి ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల సెల్సియస్. అరగంట, ముప్పావుగంట సేపు ఆ పులుసులో మునిగి ఉన్న ముక్క లోపలి భాగం కూడా ఇంచుమించు అదే వేడికి చేరుతుంది. ప్రెషర్ కుక్కరులోనైతే ఉష్ణోగ్రత 120 డిగ్రీల దరిదాపులకు వెళుతుంది.

కాల్చే వంటలో పరిస్థితి వేరు. ఓవెనులోని గాలి 180 నుండి 200 డిగ్రీల వరకు, తందూరు పొయ్యిలో అంతకు చాలా ఎక్కువగా ఉంటుంది. చర్మం త్వరగా ఎండి రంగు తిరుగుతుంది. వేడి మాత్రం మాంసంలోకి మెల్లగా ప్రయాణిస్తుంది, ఎందుకంటే మాంసం మంచి ఉష్ణవాహకం కాదు. భౌతికశాస్త్రం ప్రకారం ఒక వస్తువు మధ్యభాగం వరకు వేడి చేరడానికి పట్టే సమయం దాని మందపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే మందం రెట్టింపు అయితే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది. తందూరి కోడికి తొడమీద, ఛాతీమీద లోతుగా గాట్లు పెట్టడం మసాలా పట్టడానికే అని చాలామంది భావిస్తారు. నిజానికి ఆ గాట్లు మాంసపు మందాన్ని కూడా తగ్గించి, లోపలి వరకు ఉడకడానికి తోడ్పడతాయి.

నాటుకోడిని ఈకలు పీకిన తరువాత పసుపు పూసి మంటమీద కాల్చే ఆచారం పల్లెల్లో ఉన్నది. దీనివలన మిగిలిన నూగు కాలిపోతుంది, చర్మానికి ఒక రుచి వస్తుంది. అయితే ఆ కాల్పు చర్మానికే పరిమితం. దానిని వంటగా పరిగణించరాదు.

ఇటీవలి దశాబ్దాలలో మన ప్రాంతంలోనూ కోడిని కాల్చే వంటలు పెరిగాయి. బెంగళూరు నుండి హైదరాబాదు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి గోరంట్ల మండలంలోని పాలసముద్రం మీదుగా, పెనుకొండ మీదుగా సాగుతుంది. ఇటువంటి రహదారుల వెంట దాబాలలో తందూరి కోడి సామాన్యమైన వంటకం. పట్టణాలలో గ్రిల్ చికెన్ దుకాణాలు, ఇళ్లలో చిన్న విద్యుత్ ఓవెనులు వచ్చాయి. అరకు, మారేడుమిల్లి ప్రాంతాల బొంగులో చికెన్ కూడా నిప్పులపై కాల్చే వంటే. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు థాంక్స్‌గివింగ్ పండుగకు టర్కీ కోడిని మన మసాలాలు పట్టించి ఓవెనులో కాల్చుకోవడమూ ఉన్నది. పులుసులో ఇమిడి ఉన్న రక్షణ ఈ వంటలన్నింటిలో ఒకే విధంగా ఉండదు.

ఎందుకు కొలవాలి

పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవులు తరచుగా ఉంటాయి. కోడి ఆరోగ్యంగా కనిపించినా దాని ప్రేగులలో ఇవి నివసిస్తాయి. కోసి శుభ్రం చేసే సమయంలో మాంసానికి అంటుకుంటాయి. సాల్మొనెల్లాను 1885లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ గుర్తించాడు. ఆయన పనిచేసిన పరిశోధనశాల అధిపతి, పశువైద్య శాస్త్రవేత్త డేనియల్ సాల్మన్ పేరుమీద దీనికి ఆ పేరు వచ్చింది. కాంపైలోబాక్టర్ సుమారు 42 డిగ్రీల వద్ద చక్కగా పెరుగుతుంది. కోడి శరీర ఉష్ణోగ్రత కూడా 41, 42 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక కోడి ప్రేగులు దానికి అనువైన నివాసం.

ఈ రెండూ మనుషులలో జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు కలిగిస్తాయి. ఆరోగ్యవంతులైన పెద్దలు సాధారణంగా కొద్దిరోజులలో కోలుకుంటారు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధకశక్తి తగ్గినవారికి మాత్రం ఇవి ప్రమాదకరం. కాంపైలోబాక్టర్ సోకిన తరువాత అరుదుగా కొందరిలో గిలియన్-బారే సిండ్రోమ్ అనే నరాల వ్యాధి వస్తుంది. దీనిలో కాళ్లు, చేతులు బలహీనపడతాయి.

బర్డ్ ఫ్లూ మరొక కారణం. మన దేశంలో కోళ్లలో ఈ వ్యాధిని మొదటిసారిగా 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ వద్ద గుర్తించారు. 2012 అక్టోబరులో బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో సీమకోళ్లకు ఈ వ్యాధి సోకింది. ఆ ఊరు హిందూపురానికి దూరమైనది కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలోని కోళ్లఫారాలలో వ్యాధి కనిపించింది. అదే సంవత్సరం మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఈ వైరస్ సోకి మరణించింది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నట్లు కుటుంబసభ్యులు తెలిపారని వార్తలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం మాంసంలోని ప్రతి భాగమూ 70 డిగ్రీలకు చేరితే ఈ వైరస్ నశిస్తుంది. వ్యాధి వదంతులు వచ్చిన ప్రతిసారీ జనం కోడిమాంసం మానివేయడం, దానివలన కోళ్ల రైతులు నష్టపోవడం జరుగుతున్నది. "బాగా ఉడికించి తినండి" అని అధికారులు చెబుతారు. "బాగా" అనే మాటకు ఒక సంఖ్య ఉన్నదని తెలిస్తే భయానికీ, నిర్లక్ష్యానికీ కూడా తావుండదు.

సురక్షిత ఉష్ణోగ్రతలు

సూక్ష్మజీవులు ఒక నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద ఒక్కసారిగా నశించవు. ఉష్ణోగ్రత, సమయం రెండూ కలిసి పనిచేస్తాయి. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచినా, ఎక్కువ వేడిలో కొద్దిసేపు ఉంచినా ఫలితం సమానమే. పాలను పాశ్చరీకరించేటప్పుడు 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు ఉంచడం విద్యార్థులకు తెలిసిన ఉదాహరణే. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ వంటకు ఇచ్చిన సమాన ప్రమాణాలు ఇవి. ఇక్కడ చెప్పిన ఉష్ణోగ్రత మాంసం మధ్యభాగానిది.

60 డిగ్రీలు - 45 నిమిషాలు
65 డిగ్రీలు - 10 నిమిషాలు
70 డిగ్రీలు - 2 నిమిషాలు
75 డిగ్రీలు - 30 సెకండ్లు
80 డిగ్రీలు - 6 సెకండ్లు

మన దేశంలో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ భోజనశాలల తనిఖీకి రూపొందించిన పట్టికలో మాంసాహారపు మధ్యభాగం 65 డిగ్రీల వద్ద 10 నిమిషాలు, లేదా 70 డిగ్రీల వద్ద 2 నిమిషాలు, లేదా 75 డిగ్రీల వద్ద 15 సెకండ్లు ఉండవలెనని పేర్కొన్నారు. అమెరికా వ్యవసాయశాఖ 2006లో అన్ని రకాల కోడిమాంసానికీ 165 డిగ్రీల ఫారన్‌హీట్ అనే ఒకే కనీస ఉష్ణోగ్రతను నిర్ణయించింది. ఇది సుమారు 74 డిగ్రీల సెల్సియస్. ఇంటి వంటలో గడియారం చూస్తూ లెక్కవేయడం కష్టం కనుక 74 లేదా 75 అనే ఒక్క సంఖ్యను గుర్తుంచుకోవడం సులభం.

బ్రాయిలరు కోడికి, నాటుకోడికి ఈ సంఖ్య ఒకటే. బ్రాయిలరు కోడి ఇంచుమించు ఆరు వారాలలో మాంసానికి సిద్ధమవుతుంది కనుక దాని మాంసం మెత్తగా ఉంటుంది. నాటుకోడి నెలల తరబడి తిరిగి పెరుగుతుంది. దాని కండరాలలోని కొల్లాజెన్ అనే సంధాయక పదార్థం గట్టిగా ఉంటుంది. ఆ పదార్థం కరిగి మెత్తబడడానికి 74 డిగ్రీలకు పైన చాలాసేపు ఉడకాలి. అందువలన నాటుకోడికి అధిక సమయం కావలసింది మెత్తదనం కోసం, సురక్షితత్వం కోసం కాదు. ముదురు నాటుకోడిని కాల్చడం కంటే పులుసు చేయడమే మేలని పెద్దలు చెప్పే మాటకు ఆధారం ఇదే.

ఒకే కోడిలోనూ భాగాలను బట్టి తేడా ఉన్నది. ఛాతీ మాంసం 74 డిగ్రీలు దాటి ఎక్కువ వేడెక్కితే నీరు కోల్పోయి పీచులా తయారవుతుంది. తొడ మాంసం 80 డిగ్రీలు దాటినా రసం కోల్పోదు, పైగా మరింత మెత్తబడుతుంది. కార్జం, కందనకాయ కూడా 74 డిగ్రీలకు చేరాలి. కోడి పొట్టలో మసాలా, బియ్యం, గుడ్లు వంటివి కూరి కాల్చినట్లయితే ఆ కూరిన పదార్థపు మధ్యభాగాన్ని కూడా కొలవాలి. కోడి నుండి కారిన రసాన్ని అది పీల్చుకుంటుంది, అన్నిటికంటే చివర వేడెక్కేదీ అదే.

రంగు, రసం ఆధారమవుతాయా

మాంసం గులాబీరంగు పోయి తెల్లబడితే ఉడికినట్లని, గుచ్చినప్పుడు రసం తేటగా వస్తే చాలునని ఒక నమ్మకం ఉన్నది. ఇవి సూచనలు మాత్రమే. మాంసానికి రంగునిచ్చే మయోగ్లోబిన్ అనే పదార్థం ఏ ఉష్ణోగ్రత వద్ద రంగు మారుతుందనేది కోడి వయస్సు, మాంసపు ఆమ్లగుణం వంటి అనేక విషయాలపై ఆధారపడుతుంది. లేత కోళ్ల ఎముకలలోని మూలుగ నుండి రంగు బయటికి ఊరడం వలన పూర్తిగా ఉడికిన మాంసం కూడా ఎముక పక్కన ఎర్రగా కనిపించవచ్చు. మరోవైపు, పూర్తిగా తెల్లబడిన మాంసం ఇంకా 74 డిగ్రీలకు చేరకపోవచ్చు. తందూరి కోడిలో కారం, రంగు కలిసి ఉండడం వలన కంటితో నిర్ణయించడం మరింత కష్టం. కాలు కదిపితే సులభంగా ఊడిరావడం కీలు దగ్గరి సంగతిని తెలుపుతుందే గాని ఛాతీ సంగతి చెప్పదు.

చరిత్ర

ఫారన్‌హీట్ 1714లో పాదరసపు ఉష్ణమాపకాన్ని నిర్మించాడు. సెల్సియస్ 1742లో తన కొలమానాన్ని ప్రతిపాదించాడు. చాలాకాలం ఇవి ప్రయోగశాలలకే పరిమితమయ్యాయి. ఉష్ణోగ్రతలో తేడా వలన రెండు లోహాల మధ్య విద్యుత్తు పుడుతుందని సీబెక్ 1821లో కనుగొన్నాడు. నేటి వేగవంతమైన వంటింటి ఉష్ణమాపకాలలో కొన్నింటికి ఈ ధర్మమే ఆధారం. పాదరసం విషపదార్థం, పైగా గాజు పగిలితే వంటలో కలుస్తుంది. అందువలన వంటింటిలో పాదరసపు ఉష్ణమాపకాన్ని వాడరాదు.

రకాలు

1. ముల్లు ఉష్ణమాపకం: దీని కడ్డీలో రెండు వేర్వేరు లోహాలను కలిపి చుట్టిన స్ప్రింగు ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువగా, మరొకటి తక్కువగా వ్యాకోచించడం వలన స్ప్రింగు తిరిగి ముల్లును కదుపుతుంది. ఇది చవక, బ్యాటరీ అక్కరలేదు. అయితే కడ్డీ కొన వద్ద మాత్రమే కాక సుమారు 5 సెంటీమీటర్ల పొడవునా ఉన్న వేడి సగటును చూపుతుంది. అందుచేత పలుచని ముక్కలకు పనికిరాదు. అంకె స్థిరపడడానికి 15 నుండి 20 సెకండ్లు పడుతుంది.

2. అంకెల ఉష్ణమాపకం: దీని కొనలో థర్మిస్టరు అనే చిన్న భాగం ఉంటుంది. వేడిని బట్టి దాని విద్యుత్ నిరోధం మారుతుంది. కొన మాత్రమే కొలుస్తుంది కనుక పలుచని ముక్కలకూ పనికివస్తుంది. సుమారు 10 సెకండ్లలో ఫలితం తెలుస్తుంది. ఇళ్లలో వాడుకకు ఇది అనువైనది.

3. థర్మోకపుల్ ఉష్ణమాపకం: సీబెక్ కనుగొన్న సూత్రంపై పనిచేస్తుంది. రెండు నుండి ఐదు సెకండ్లలో అంకె చూపుతుంది. ఖరీదు ఎక్కువ. పెద్ద హోటళ్లలో వాడతారు.

4. తీగ ఉష్ణమాపకం: దీని కడ్డీని మాంసంలో గుచ్చి ఓవెనులోనే ఉంచవచ్చు. వేడిని తట్టుకునే తీగ ద్వారా అంకె బయట కనిపిస్తుంది.

ఇంట్లో జ్వరం చూసే ఉష్ణమాపకం 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కనుక ఈ పనికి ఉపయోగపడదు. కరోనా కాలంలో ఇళ్లలోకి, కార్యాలయాలలోకి వచ్చిన తుపాకీ వంటి పరారుణ ఉష్ణమాపకం ఉపరితలపు వేడిని మాత్రమే కొలుస్తుంది. కాల్చిన కోడి చర్మం 100 డిగ్రీలకు పైగా ఉన్నా లోపల 50 డిగ్రీలే ఉండవచ్చు. కనుక అదీ పనికిరాదు.

సరిచూసే విధానం

కొత్త ఉష్ణమాపకాన్నైనా, కింద పడిన పాతదాన్నైనా సరిచూసి వాడాలి. ఒక గ్లాసు నిండా మంచుముక్కల పొడి వేసి, ఖాళీలు నిండేంత చల్లని నీరు పోసి కలపాలి. కడ్డీని సుమారు 5 సెంటీమీటర్లు ముంచి, గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా పట్టుకోవాలి. అంకె స్థిరపడినప్పుడు సున్నా డిగ్రీలు చూపాలి. ముల్లు రకానికి ముఖం వెనుక ఉన్న నట్టును తిప్పి సరిచేయవచ్చు.

మరిగే నీటితోనూ సరిచూడవచ్చును గాని అక్కడ ఒక చిక్కు ఉన్నది. నీరు 100 డిగ్రీల వద్ద మరగడం సముద్రమట్టం వద్ద మాత్రమే నిజం. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ప్రతి 300 మీటర్లకు నీటి మరుగు ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. గోరంట్ల, హిందూపురం ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉన్నది. ఇక్కడ నీరు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతుంది. 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో 97 డిగ్రీలకే మరుగుతుంది. ఈ సంగతి గమనించక, గోరంట్లలో మరిగే నీటిలో ముల్లును 100 వద్దకు తిప్పినట్లయితే ఆ ఉష్ణమాపకం ఆ తరువాత రెండు డిగ్రీలు ఎక్కువగా చూపుతుంది. అది 74 చూపినప్పుడు మాంసం నిజానికి 72 వద్దే ఉంటుంది. మంచు కరిగే ఉష్ణోగ్రత ఊరి ఎత్తును బట్టి మారదు కనుక మంచునీటి పద్ధతే మేలు.

ఉపయోగించే విధానం

1. గడ్డకట్టిన కోడిని ముందుగా ఫ్రిజ్ కింది అరలో ఉంచి పూర్తిగా కరగనివ్వాలి. రెండు కిలోల కోడికి సుమారు ఒక రోజు పడుతుంది. లోపల మంచు మిగిలి ఉంటే పైభాగం మాడినా మధ్యభాగం పచ్చిగానే ఉంటుంది.

2. కాల్చడం పూర్తయిందని అనుకునే సమయానికి పది, పదిహేను నిమిషాల ముందే కొలవడం మొదలుపెట్టాలి. కిలోన్నర కోడికి 180 డిగ్రీల ఓవెనులో సుమారు గంటా పావు పడుతుంది. ఇది అంచనా మాత్రమే.

3. కడ్డీని తొడ లోపలివైపు, తొడ శరీరానికి కలిసేచోట, మందమైన భాగంలో గుచ్చాలి. తరువాత ఛాతీలోని అత్యంత మందమైన చోట, రెక్క మొదట్లో కూడా చూడాలి.

4. కొన ఎముకకు తగలరాదు. ఎముక వేడెక్కే తీరు మాంసం తీరు కంటే భిన్నం కనుక తప్పు అంకె వస్తుంది. ఎముక తగిలినట్లు అనిపిస్తే కొద్దిగా వెనక్కు లాగి మళ్లీ చూడాలి.

5. మధ్యభాగం ఎక్కడో తెలియనప్పుడు కడ్డీని లోతుగా గుచ్చి మెల్లగా వెనక్కు లాగుతూ ఉండాలి. అంకె తగ్గుతూ వచ్చి మళ్లీ పెరుగుతుంది. అన్నిటికంటే తక్కువ అంకె చూపిన చోటే మధ్యభాగం. దానినే లెక్కలోకి తీసుకోవాలి.

6. ఒక్క చోట 74 కనిపించినంత మాత్రాన సరిపోదు. కొలిచిన అన్ని చోట్లా అంతకు తగ్గకుండా ఉండాలి. తగ్గితే తిరిగి నిప్పుపై పెట్టాలి.

7. పచ్చి మాంసంలో గుచ్చిన కడ్డీని కడగకుండా మళ్లీ గుచ్చరాదు. ప్రతిసారీ సబ్బునీటితో కడిగి తుడవాలి. లేకపోతే సూక్ష్మజీవులను ఉడికిన మాంసంలోకి మనమే చేర్చినవారమవుతాము.

8. దించిన తరువాత పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. బయటి పొరలలోని వేడి ఇంకా లోపలికి సాగుతూ మధ్యభాగపు ఉష్ణోగ్రతను కొద్ది డిగ్రీలు పెంచుతుంది. అయితే ఈ పెరుగుదల కోడి పరిమాణాన్ని బట్టి మారుతుంది. కనుక దానిని నమ్ముకొని ముందుగా దించడం మంచిది కాదు.

పరిమితులు

ఉష్ణమాపకం వంట పూర్తయిన క్షణాన్ని తెలుపుతుంది. వంటకు ముందు, తరువాత జరిగే పొరపాట్లను అది సరిదిద్దలేదు. పచ్చి కోడిని కుళాయి కింద కడిగినప్పుడు తుంపరలు చుట్టుపక్కల పాత్రలపై, కూరగాయలపై పడతాయి. పచ్చి మాంసం కోసిన పీటమీదే ఉల్లిపాయలు తరిగితే ఎంత కొలిచి ఉడికించినా ఫలితం ఉండదు. ఉడికిన మాంసం 5 నుండి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉన్నా సూక్ష్మజీవులు తిరిగి పెరుగుతాయి. అందువలన వండినది రెండు గంటలలోపు తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. విందులలో ఉదయం కాల్చి మధ్యాహ్నం వరకు బయట ఉంచే కోడి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

పులుసు మరుగుతున్నదా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. కాల్చిన కోడి లోపలి వేడిని అలా చూడలేము. ముక్కలుగా కోసి పులుసు పెట్టే ఇంట్లో ఈ పరికరం లేకపోయినా నష్టం లేదు. కోడిని ముక్కలు చేయకుండా కాల్చే ఇంట్లోనూ, దుకాణంలోనూ మాత్రం గరిటె, కత్తి వలె ఇది కూడా వంట సామగ్రిలో చేరవలసినదే.

ఇవి కూడా చూడండి

ఉష్ణమాపకం
కోడి
సాల్మొనెల్లా
బర్డ్ ఫ్లూ
పాశ్చరీకరణ
రాగిసంగటి
గోరంట్ల